టోపీ పెట్టాలా, పెట్టెలో పెట్టాలా: బూస్ట్ ఇంజన్ మీద కార్బురేటర్ సీల్ చేసే దారులు

సైకిల్ షాపులో పంక్చర్ ఎలా వెతుకుతారో చూసే ఉంటారు. ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచుతారు, బుడగ ఎక్కడ లేస్తే అక్కడే రంధ్రం. నా 750 హోలీ డబుల్ పంపర్ కార్బురేటర్‌తో నేను చేసింది కూడా అదే. కార్బురేటర్ విప్పి, పెట్రోలంతా వంపేసి, పొడిగా ఆరనిచ్చాను. కింద మందపాటి అల్యూమినియం పలక బిగించి, పైన టోపీ (గాలి గొట్టం తగిలించే మూత) పెట్టి, థ్రాటిల్ కొంచెం తెరిచి, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్ నుంచి 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 5 పౌండ్ల ప్రెషర్) గాలి ఇచ్చాను. సబ్బు నీళ్లు చల్లాను. థ్రాటిల్ షాఫ్ట్ (థ్రాటిల్ రేకుల్ని తిప్పే కడ్డీ) రెండు చివరలా నురగ పొంగింది, కేబుల్ తగిలించే వైపు ఇంకాస్త ఎక్కువగా. పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్ స్క్రూల చుట్టూ ఆవగింజలంత బుడగలు. చోక్ షాఫ్ట్ రంధ్రం అయితే ఏకంగా ఈల వేసింది.

నురగ వచ్చిన ఆ చోట్లన్నిట్లో, బండి రోడ్డు మీద బూస్ట్‌లో (సూపర్‌చార్జర్ గాలిని ప్రెషర్‌తో ఊదుతూ) ఉన్నప్పుడు వచ్చేది ఉత్త గాలి కాదు, పెట్రోలు కలిసిన గాలి. దానికి జానెడు దూరంలో ఎగ్జాస్ట్ హెడర్లు కాలుతూ ఉంటాయి.

నేనుండేది టెక్సస్‌లో. బండి 1968 మస్టాంగ్, 302 ఇంజన్, దాని మీద సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్, 8 పీఎస్ఐ బూస్ట్. ఈ సరదా ఉన్న తెలుగువాళ్లు ఇక్కడ నలుగురైదుగురం కలుస్తుంటాం. కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది “ఏ పద్ధతిలో ఎక్కువ హార్స్‌పవర్ వస్తుంది?” అని. సరిగ్గా చేస్తే అన్నిట్లోనూ దాదాపు ఒకేలా వస్తుంది. నేనైతే అడిగేది వేరు: ఎక్కడో ఒకచోట లీకైతే బయటికొచ్చేది గాలా, పెట్రోలా? అది మీ కంటికి కనిపించే చోటా, కనిపించని చోటా? నా ఎంపికంతా ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడింది.

ముందు మీకు అసలు సీలింగ్ అవసరమా?

మామూలు కార్బురేటర్ లోపల ఎప్పుడూ పీల్పు ఉంటుంది. సందు ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది, ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, అంతే. టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ కార్బురేటర్‌లోకి గాలి ఊదితే కథ తిరగబడుతుంది. ఇంజన్ పీల్చుకోవాల్సిన పరికరాన్ని మనం లోపలి నుంచి ఉబ్బిస్తున్నాం. దీన్నే బ్లో-త్రూ అంటారు. కార్బురేటర్‌ని కంప్రెసర్ కంటే ముందు పెడితే అది డ్రా-త్రూ. అందులో కార్బురేటర్ ఎప్పటిలాగే పీల్పు కిందే ఉంటుంది, సీల్ చేయాల్సిన పని లేదు.

1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్ మోంజా స్పైడర్ రెండూ డ్రా-త్రూతోనే వచ్చాయి. పని తక్కువ, కానీ పెట్రోలు తడితో ఉన్న గాలి కంప్రెసర్ గుండా పోతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ (ఊదిన గాలిని చల్లబరిచేది) పెట్టలేం. పెడితే పెట్రోలంతా అందులో చెమటలా పట్టి కారుతుంది, బ్యాక్‌ఫైర్ వస్తే ఆ డబ్బా బాంబే. టర్బో అయితే కంప్రెసర్ వైపు కార్బన్ సీల్ కూడా ఉండాలి, లేకపోతే థ్రాటిల్ మూసినప్పుడల్లా ఆయిల్ లోపలికి పీల్చుకుంటుంది. ఈ రోజుల్లో కొత్తగా కట్టే టర్బోకి నేను డ్రా-త్రూ చెప్పను.

ఒక్క మినహాయింపు, బానెట్‌లోంచి పైకి తేలే 6-71 లాంటి రూట్స్ బ్లోయర్. దాని నెత్తి మీద కార్బురేటర్లు కూర్చుంటాయి, అదీ డ్రా-త్రూనే. అక్కడ షాఫ్ట్ సీలింగ్ బాధ లేదు. మార్చాల్సింది ఒక్క పవర్ వాల్వ్ దారి. అది పీల్పు తగ్గినప్పుడు తెరుచుకుని అదనపు పెట్రోలు ఇచ్చే వాల్వ్. కార్బురేటర్ కింద ఉండే పీల్పు బ్లోయర్‌ది, ఇంజన్‌ది కాదు. బ్లోయర్ కింద బూస్ట్ పెరుగుతున్నా పైన పీల్పు మిగిలే ఉండి పవర్ వాల్వ్ మూసుకునే ఉండొచ్చు. అప్పుడు పెట్రోలు తక్కువై పిస్టన్ కాలుతుంది. పాత రంధ్రం మూసి, బ్లోయర్ కింద మ్యానిఫోల్డ్ నుంచి సన్నటి గొట్టం తెచ్చి పవర్ వాల్వ్‌కి ఇవ్వాలి. మీది ఈ రకం అయితే ఇక్కడితో ఆపేయొచ్చు, మిగతా గొడవ మీకు వద్దు.

ఒకే కంపెనీ రెండు దారులూ నడిచింది

బ్లో-త్రూలో పాత పేచీ ఒకటే: కార్బురేటర్‌నే సీల్ చేసి పైన టోపీ పెట్టాలా, లేక కార్బురేటర్ మొత్తాన్ని గాలి చొరని పెట్టెలో పెట్టాలా. అరవైల మొదట్లో స్టూడ్‌బేకర్ తన అవంతి కారుకి రెండూ చేసింది. ఆర్2 ఇంజన్‌లో ప్యాక్స్‌టన్ సూపర్‌చార్జర్, సీల్ చేసిన కార్టర్ ఏఎఫ్‌బీ కార్బురేటర్. దానికంటే ఘాటైన ఆర్3లో అదే ఏఎఫ్‌బీని పెట్టెలో బంధించారు. ఆర్2ని మామూలు కొనుగోలుదారులకి అమ్మారు. ఆర్3తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అవంతిలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఈ తేడాలోనే నాకు కొంత సమాధానం కనిపిస్తుంది. రోజూ నడిచే బండికి టోపీ, రికార్డుల కోసం కట్టిన ఇంజన్‌కి పెట్టె.

తర్వాత యూరప్ కూడా రెండు వర్గాలుగా చీలింది. 1981 చివర్లో వచ్చిన మసెరాటి బైటర్బో వెబర్ కార్బురేటర్‌ని అల్యూమినియం పెట్టెలో పెట్టింది. 1980లో వచ్చిన లోటస్ ఎస్ప్రి టర్బో రెండు డెలోర్టో కార్బురేటర్లలోకి నేరుగా ఊదింది. 1982 ఎంజీ మెట్రో టర్బోలో ఎస్‌యూ కార్బురేటర్, 1985 రెనో 5 జీటీ టర్బోలో సోలెక్స్ పని అదే.

పెట్టె దారి

పెట్టె ఆలోచన వినగానే నచ్చుతుంది. కార్బురేటర్ లోపలా బయటా ఒకే ప్రెషర్ ఉంటే లీకవడానికి కారణమే ఉండదు. షాఫ్ట్ సీళ్లు అక్కర్లేదు, లేత్ పని అక్కర్లేదు, ఏ పాత కార్బురేటర్‌నైనా ఉన్నదున్నట్టు వాడొచ్చు. నేనూ ముందు దీనికే పడిపోయాను.

మూడు నెలల్లో తీసేశాను. మొదటి కారణం లెక్క. 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు మూత అంటే 144 చదరపు అంగుళాలు. 8 పీఎస్ఐ దగ్గర మూతని పైకి తోసే బలం 1,152 పౌండ్లు, అంటే అర టన్ను దాటి. ఒంగోలు ఎద్దు ఒకటి మూత కింద దూరి వీపుతో ఎత్తుతున్నట్టు లెక్క. 3 మిల్లీమీటర్ల రేకు మూత నా కళ్ల ముందే కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది, ప్యాకింగ్ ఒక మూల జారింది. మూతకి అడ్డపట్టీలు వెల్డ్ చేయాలి, బోల్టులు రెండు అంగుళాలకొకటి ఉండాలి. దాంతో వచ్చేది రెండో చిక్కు. జెట్ (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చాల్సిన ప్రతిసారీ ఇరవైకి పైగా బోల్టులు విప్పి బిగించాలి. ట్యూనింగ్ రోజుల్లో జెట్లు పూటకి నాలుగుసార్లు మారుతాయి.

మూడోది అసలైనది. పెట్టెలో పెట్రోలు కారితే అది పెట్టెలోనే నిలుస్తుంది. ఫ్లోట్ నీడిల్ కింద చిన్న చెత్త ఇరుక్కుందనుకోండి, ఫ్లోట్ చాంబర్ పొంగి పొర్లుతుంది. మామూలు కార్బురేటర్ అయితే వాసన వస్తుంది, తడి కనిపిస్తుంది. పెట్టెలో ఏమీ తెలియదు. పైగా అందులో ప్రెషర్‌తో నిండిన గాలి సిద్ధంగా ఉంది. ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు. నా మొదటి ప్రశ్నకి పెట్టె మంచి మార్కులే తెచ్చుకుంటుంది, దాని ప్యాకింగ్ లీకైతే బయటికొచ్చేది చాలావరకు గాలే. రెండో ప్రశ్నలో తప్పింది.

ఇంకో అపోహ కూడా పోవాలి. పెట్టెలో పెడితే ఫ్లోట్ మార్చక్కర్లేదు అంటారు. తప్పు. ఇత్తడి ఫ్లోట్ లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులో ఉండేది మామూలు గాలి. చుట్టూ 8 పీఎస్ఐ వస్తే పెట్టెలో ఉన్నా, టోపీ కింద ఉన్నా అది నలిగిపోతుంది. నలిగిన ఫ్లోట్ తేలదు, పెట్రోలు ఆగదు. రెండు దారుల్లోనూ నైట్రోఫిల్ ఫ్లోటే వేయాలి. అది గట్టి నురుగు లాంటి నల్లటి పదార్థం, నలగడానికి లోపల బోలు ఉండదు.

పెట్టె ఎవరికి నప్పుతుందంటే, పక్కపక్కనే రెండు మూడు సైడ్‌డ్రాఫ్ట్ కార్బురేటర్లు ఉన్నవాళ్లకి, లేదా పాత బండిని ఫ్యాక్టరీ తీరుగా పునరుద్ధరిస్తూ అసలు కార్బురేటర్ మీద డ్రిల్ పెట్టడం ఇష్టం లేనివాళ్లకి. కట్టేటప్పుడు అడుగున డ్రెయిన్ పెట్టుకోండి. పెట్రోలు పైపు జాయింట్లన్నీ పెట్టె బయటే ఉండేలా చూడండి.

టోపీ దారి: పనంతా ఇక్కడే

హోలీ 4150 పై అంచు వ్యాసం 5.125 అంగుళాలు. వైశాల్యం సుమారు 20.6 చదరపు అంగుళాలు. 8 పీఎస్ఐ దగ్గర టోపీని పైకి లేపే బలం 165 పౌండ్లు, అంటే 75 కిలోలు. ఎద్దుతో పోలిస్తే ఒక మనిషి. అయినా ఎయిర్‌ఫిల్టర్ పట్టుకునే ఆ ఒంటరి సన్న స్టడ్, చేత్తో తిప్పే నట్టు సరిపోవు. టోపీని కార్బురేటర్‌కి కాకుండా కింద మ్యానిఫోల్డ్ స్టడ్లకి పట్టీతో కట్టేయడం నాకు నచ్చిన పద్ధతి.

ఏ కార్బురేటర్ తీసుకోవాలి? మెకానికల్ సెకండరీలు (పెడల్ లింకుతోనే తెరుచుకునే రెండో జత థ్రాటిళ్లు) ఉన్నదే. హోలీలో 4779 అనే 750 డబుల్ పంపర్, 4777 అనే 650 ఇందుకు బాగా వాడేవి. 3310 లాంటి వాక్యూమ్ సెకండరీ రకం ఉచితంగా ఇచ్చినా ఈ పనికి వద్దు. దాని సెకండరీలని తెరిచేది వెంచురీలో (కార్బురేటర్ ఇరుకు మెడలో) పీల్పు. డయాఫ్రమ్‌కి ఇంకోవైపు ఉండేది బయటి గాలి. బూస్ట్ వస్తే వెంచురీలోనే బయటికంటే ఎక్కువ ప్రెషర్ ఉంటుంది, డయాఫ్రమ్ సెకండరీలని తెరవాల్సింది పోయి బిగించి మూసేస్తుంది. సగం కార్బురేటర్ నిద్రపోతుంది.

షాఫ్ట్ సీలింగ్‌కి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, బేస్‌ప్లేట్‌లో షాఫ్ట్ చివరల దగ్గర కాస్త తొలిచి ఓ-రింగ్ గానీ లిప్ సీల్ గానీ కూర్చోబెట్టడం. ఇది చేతి డ్రిల్‌తో అయ్యే పని కాదు. రంధ్రం వెంట్రుకవాసి పక్కకి పోయినా షాఫ్ట్ బిగుస్తుంది, థ్రాటిల్ తిరిగి మూసుకోదు. బూస్ట్ బండిలో తెరుచుకునే ఉండిపోయిన థ్రాటిల్ ఎంత టెన్షన్ పెడుతుందో చెప్పక్కర్లేదు. మిల్లింగ్ మెషీన్ మీద, రెండు చివరలూ ఒకే వరసలో వచ్చేలా చేయగలవాళ్లకే ఇవ్వాలి.

రెండోది నాకు ముచ్చటేసిన పద్ధతి. లీకుని ఆపడానికి ప్రయత్నించదు, లీకయ్యేదాన్ని మారుస్తుంది. టోపీలో ఇంకా పెట్రోలు కలవని గాలిని సన్నటి దారి గుండా షాఫ్ట్ బుష్‌ల దగ్గరికి తెస్తారు. వెంచురీ దాటాక మిశ్రమం ప్రెషర్ టోపీలో కంటే కొంచెం తక్కువ. కాబట్టి బుష్ దగ్గర శుభ్రమైన గాలిదే పైచేయి, బయటికి పోయేది అదే. బుష్ అరిగాక కూడా పెట్రోలు రాదు. బయటికొచ్చేది గాలా, పెట్రోలా అన్న నా ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు ఇంకెక్కడా దొరకలేదు. రెండూ కలిపి చేయించుకున్నాను.

చోక్ టవర్ కోసేయండి. గాలికి అడ్డం పోతుంది, ఈల వేసే రంధ్రమూ పోతుంది. వాడని వాక్యూమ్ గొట్టాలకి రబ్బరు మూతలు పెట్టి వదిలేయకండి, బూస్ట్‌కి అవి తుపాకీ గుండ్లలా ఎగిరిపోతాయి. మర వేసి ఇత్తడి స్క్రూ బిగించాలి. బ్రేక్ బూస్టర్ గొట్టంలో, పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపే) గొట్టంలో చెక్ వాల్వులు ఉండాలి.

ఇక సిలికాన్ గమ్. దయచేసి వద్దు. నేను మీటరింగ్ బ్లాక్ ప్యాకింగ్‌కి “ఇంకాస్త భద్రం” అనుకుని పూశాను. మూడు వారాల్లో అది పెట్రోలుకి ఉబ్బి, వండిన సగ్గుబియ్యంలా అయి, ఒక తునక ఐడిల్ దారిలో ఇరుక్కుంది. ఓ-రింగులు వైటాన్‌వి (పెట్రోలుకి తట్టుకునే రబ్బరు) వాడండి, ప్యాకింగులు కార్బురేటర్ కంపెనీ ఇచ్చేవి వాడండి, పనైపోతుంది. ఇక్కడి పంపుల్లో 10 శాతం ఇథనాల్ మామూలే, ఇండియాలో ఇప్పుడు 20 శాతం. పాత రబ్బరు ఆ పెట్రోలుకి నిలవదు.

టోపీ దారిలో కనిపించని చిక్కు ఫ్లోట్ చాంబర్ వెంట్ గొట్టాలది. ఫ్లోట్ చాంబర్‌లో ప్రెషర్, టోపీలో ప్రెషర్ సమానంగా ఉంటేనే జెట్ల లెక్క నిలుస్తుంది. వంగిన మోచేయి ఆకారం టోపీలో గాలి ఒక గోడకి కొట్టుకుని సుడి తిరుగుతుంది. వెంట్ ఆ సుడిలో ఉంటే చాంబర్‌లో ప్రెషర్ తగ్గి పెట్రోలు తక్కువ వస్తుంది, అదీ పూర్తి బూస్ట్‌లో, అంటే తక్కువ కాకూడని క్షణంలోనే. ఎగ్జాస్ట్‌లో ఒకవైపే పెట్టిన వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోలు పాళ్లు చూపేది) దీన్ని పట్టదు. నా బండిలో పట్టించింది స్పార్క్ ప్లగ్గులు, ముందు రెండూ తెల్లగా (పెట్రోలు తక్కువైన గుర్తు), వెనకవి గోధుమ రంగులో ఉన్నాయి. వెంట్ గొట్టాల ఎత్తు, కోణం మార్చాక సర్దుకుంది. టోపీ కొనేటప్పుడు వెడల్పుగా, ఎత్తుగా, లోపల గాలిని పరిచే పలక ఉన్నది చూడండి. బానెట్ మూసుకోవడం కోసం పొట్టి టోపీ కొంటే ఈ బాధ పక్కా.

ఏ దారైనా తప్పని ఖర్చు

ఫ్లోట్ చాంబర్‌లో 8 పీఎస్ఐ ఉన్నప్పుడు 6 పీఎస్ఐ ఇచ్చే మామూలు పంపు పెట్రోలు తోయలేదు. చాంబర్ ఖాళీ అవుతుంది. బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ప్రెషర్ అంత పెరిగే రెగ్యులేటర్, ట్యాంకుకి తిరుగు పైపు, 14 పీఎస్ఐ దగ్గర కూడా సరిపడా పారించే ఎలక్ట్రిక్ పంపు కావాలి. రెగ్యులేటర్‌కి బూస్ట్ సంకేతం టోపీ నుంచే తీసుకోండి, మ్యానిఫోల్డ్ నుంచి కాదు. చాంబర్ చూసేది టోపీ ప్రెషర్‌నే. థ్రాటిల్ ఠక్కున మూసినప్పుడు టోపీలో ప్రెషర్ ఎగదన్నకుండా బ్లో-ఆఫ్ వాల్వ్ కూడా తప్పదు. చాలామంది కార్బురేటర్ మీద డబ్బు పోసి ఇక్కడ పొదుపు చేస్తారు.

సిద్ధంగా దొరికేవి, ఇంజెక్షన్

బ్లో-త్రూ కోసమే తయారుచేసిన కార్బురేటర్లు దొరుకుతాయి. సీల్ చేసిన షాఫ్ట్‌లు, నైట్రోఫిల్ ఫ్లోట్లు, పెద్దవి చేసిన పవర్ వాల్వ్ రంధ్రాలు వాటితోనే వస్తాయి. మామూలు కార్బురేటర్ కొని, మిల్లింగ్ కూలీ ఇచ్చి, విడి భాగాలు కొంటే తేడా మీరనుకున్నంత ఉండదు. దగ్గర్లో నమ్మకమైన మెషీన్ షాపు లేకపోతే ఇదే కొనండి. పాతది కొంటే మాత్రం పేరు నమ్మకండి. నాకు ఒక షాపులో “సీల్ చేసింది” అని అమ్మినదాన్ని ఇంటికొచ్చి విప్పితే లోపల ఇత్తడి ఫ్లోట్లు తళతళలాడుతున్నాయి. చాంబర్ స్క్రూలు నాలుగు విప్పి చూడనివ్వని వాడి దగ్గర కొనొద్దు.

థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ సంగతి. ఫ్లోట్ లేదు, చాంబర్ లేదు, వెంట్ సుడి బాధ లేదు. పెట్రోలు పైపులో 58 పీఎస్ఐ వరకు ఉంటుంది కాబట్టి పైపులు, జాయింట్లు అన్నీ మారాలి. రోజూ ఆఫీసుకి నడిపే బండి అయితే, చలికాలం పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్ట్ కావాలంటే, బూస్ట్‌కి పనికొస్తుందని రాసి ఇచ్చిన ఇంజెక్షన్ కిట్ పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. జెట్ చేత్తో మార్చడం నాకిష్టం, దానికి ఇంజనీరింగ్ కారణమేమీ లేదు.

ఊళ్లో పద్మిని, కాంటెస్సా, పాత మారుతి 800 ఉంచుకున్నవాళ్లకి టోపీ, పెట్టె అక్కర్లేదు. కానీ అదే షాఫ్ట్ అరుగుదల మీకూ ఉంటుంది, దిశ మాత్రం తిరగబడి. ఐడిల్ నిలవకపోతే జెట్లు మార్చే ముందు షాఫ్ట్‌ని వేలితో అటూఇటూ కదిపి చూడండి. ఆడితే బుష్ వేయించండి. ఇక్కడ చదివి అక్కడ టర్బో పెట్టాలనుకుంటే, మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ముందు చదవండి.

నాది 8 పీఎస్ఐ, వారాంతపు బండి, పక్క వీధిలో మంచి మిల్లింగ్ మేస్త్రి. అందుకే 4779, గాలి అందించే షాఫ్ట్, ఎత్తైన టోపీ. బిగించాక మళ్లీ సబ్బు నీళ్లతో 8 పీఎస్ఐ దాకా పరీక్షించాను. షాఫ్ట్ దగ్గర నురగ ఇంకా కొంచెం వచ్చింది, అది టోపీ గాలే కాబట్టి వదిలేశాను. ఫ్లోట్ చాంబర్ స్క్రూ ఒకదాని దగ్గర ఒకే ఒక్క బుడగ లేచింది, దాన్ని వదల్లేదు, కొత్త ప్యాకింగ్ వేశాను. మొదటి 150 కిలోమీటర్లు నడిచి ఇంజన్ చల్లారాక టోపీ స్టడ్లు, చాంబర్ స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించాలి. నా వాటిలో నాలుగు, ఒక్కోటి పావు తిప్పు చొప్పున తిరిగాయి.